గోడ మీద గుడ్డు

ఆ రోజు నేను కల్యాణ మండపం డాబా మీద ఉన్నాను. ఒక చేతిలో హారన్ స్పీకరు, ఇంకో చేతిలో ఫోను. కింద బ్యాండు మేళం వాళ్ళు పెళ్ళికొడుకు రాకముందే పెళ్ళయిపోయినంత హడావుడి చేస్తున్నారు. ఫోనులో మా ఆవిడ సువర్చల.

"ఏవండీ, ఇంటికి గుడ్లు వచ్చాయి. పొరపాటున తినేరు!" అంది.

నాకు వినపడింది మాత్రం, "ఇంటికి గుడ్లు వచ్చాయి. పొరటు... తినేయి!" అని.

ఇంత కాపురంలో మా ఆవిడ నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. ప్రేమ ముదిరిందనుకున్నాను. నా చెవుల తప్పు కూడా లేదు. నాది మైకుసెట్టు వ్యాపారం. మైకు మంగరాజు అంటే చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో తెలియనివాడు లేడు. ఊరందరికీ వినిపించేవాడికి ఊళ్ళో అందరికంటే తక్కువ వినిపిస్తుంది.

ఇంటికెళ్ళి నాలుగు గుడ్లు కొట్టి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి, పొరటు చేసుకుని సగం తిన్నానో లేదో, సువర్చల ఒక నర్సమ్మను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏం తింటున్నారు?"

"పొరటు. నువ్వు చెప్పిందేగా."

"నేను చెప్పింది పొరపాటు!"

"పొరపాటని తెలిశాక మళ్ళీ ఫోన్ చేసి సరిగ్గా చెప్పాల్సింది."

"అయ్యో రామా! పొరపాటున తినేరు, రక్తం తీసేదాకా ముట్టుకోవద్దు అని చెప్పానండీ!"

"అలాగా. నేను పొరటు అనుకుని పొరబడ్డాను."

నర్సమ్మ సూది పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నన్నెందుకు పిలిచారమ్మా? మీరే ఒకరి రక్తం ఒకరు తాగేసేలా ఉన్నారు" అంది.

ఆ విధంగా మా ఊళ్ళో గుడ్డు పరీక్ష గుడ్డిగా మొదలైంది.

మా ఊరు మండపేటకీ రామచంద్రపురానికీ మధ్యన ఉంటుంది. మాట చివర అండీ, వీధి చివర అండాలు. ఎటు చూసినా కోళ్ళఫారాలే. సువర్చల పనిచేసేది 'అండ ఆరోగ్య పరిశోధన కేంద్రం'. ఆవిడ అండం మీద డాక్టరు. నేను ఇంటరు తప్పి ఆవిడ అండన బతుకుతున్న మొగుణ్ణి.

పదేళ్ళుగా ఆవిడ ఒక కొత్త రకం కోళ్ళను పెంచుతోంది. వాటికి చెరువు నాచుతో చేసిన దాణా పెడుతుంది. వాటి జన్యువుల్లో ఒకదాన్ని ఆవిడే సవరించింది. ఆ కోడి పెట్టే గుడ్డులోని పచ్చసొన మెదడుకి మేత అని, రోజూ ఒకటి తింటే చిన్న చిన్న సంగతులు మరపున పడవని ఆవిడ నమ్మకం. ఎలకలకు పెట్టి చూసింది. ఒకసారి వేరుశనగ గింజ దొరికిన మూలకి ఎలక ఎన్నాళ్ళయినా మళ్ళీ సూటిగా అక్కడికే వెళ్ళేదట. మా ఇంట్లో బీరువా తాళాలు ఎక్కడ పెట్టానో నాకు తెలియదు గానీ, ఆవిడ ఎలకకు తెలిసేలా ఉంది.

ఇక మిగిలింది మనుషులు. కేంద్రం చుట్టూ ఉన్న కాలనీవాళ్ళందరినీ పిలిచి, నా మైకులోనే చెప్పింది. ఇంటికి కొన్ని ట్రేలు. కొన్నిళ్ళకు పెంకు మీద నీలం చుక్క గుడ్లు, కొన్నిళ్ళకు ఎర్ర చుక్కవి. ఒక రంగుది ఆవిడ కోడి గుడ్డు, ఇంకో రంగుది మామూలు ఫారం గుడ్డు. ఏది ఏదో ఆవిడకే తెలియదు. డైరెక్టరు నరహరి గారికి ఒక్కరికే తెలుసు. ఆవిడకు తెలిస్తే పక్షపాతం వస్తుందట. పక్షి విషయం కదా, పక్షపాతం ఎక్కువే ఉంటుంది.

"రోజూ గుడ్డు తింటే వేడి చెయ్యదా అమ్మా?" అని ఎవరో అడిగారు.

"పచ్చసొన గుండెకి మంచిది కాదంటారు కదండీ. మా బావగారు తెల్లది తిని, పచ్చది కుక్కకి పెడతారు" అని ఇంకొకరు.

"కుక్క ఎలా ఉంది?"

"బాగా ఒళ్ళు చేసిందండి. ఆయనే నీరసం."

సువర్చల నవ్వింది. "మంచిదో కాదో తేల్చడానికే ఈ పరీక్ష. సుగరు, బీపీ, కొలెస్టరాలు, జ్ఞాపకశక్తి అన్నీ మేం చూస్తాం. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. రోజూ మనిషికొక గుడ్డు. పారేయకూడదు. మర్నాటికి నిలవ ఉంచకూడదు."

ఈ రెండు 'కూడదు'లూ గుర్తుపెట్టుకోండి. గుడ్డు తినకపోయినా సరే.

మా ఇంటికి నీలం చుక్క వచ్చింది. పెరటి గోడకి అవతల ఉండే డిపో బాబాయిగారింటికి ఎర్ర చుక్క. ఆయన బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి డిపో బాబాయిగారు, వాళ్ళావిడ డిపో పిన్నిగారు. మేం ఆ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ అవే పేర్లు. ఆ కుటుంబానికి ఇంటిపేరు ఒకటుంటుందన్న ఊహే నాకు ఎప్పుడూ రాలేదు.

మొదట్లో అంతా బాగుంది. నా బండి తాళం నాకే దొరికింది. ఏ పెళ్ళివారి ఇంట్లో ఏ వైరు వదిలేశానో గుర్తొచ్చి, వెళ్ళి తెచ్చుకున్నాను. కొళాయి దగ్గర, కటింగు షాపులో, ఎక్కడ చూసినా "నాకు గుర్తుంది" అన్న మాటే. సుగరు పెరగలేదు, బీపీ పెరగలేదు. తెల్లసొన బావగారు కూడా ధైర్యం చేసి పచ్చది తిన్నారు. కుక్క చిక్కిపోయింది.

తరవాత క్లబ్బులో పేకాట ఆగిపోయింది. పడ్డ ముక్కలన్నీ అందరికీ గుర్తే, ఎవరి చేతిలో ఏముందో అందరికీ తెలిసిపోతోంది. ఇంకేం ఆట? ఆ తరవాత కిరాణా కొట్టు అన్నదమ్ములు మాటలు మానేశారు. తమ్ముడు ఎప్పుడో చిరాకులో "నువ్వు లేకపోయినా కొట్టు నడుస్తుంది" అన్నాడట. మామూలుగా అయితే అది సాయంత్రానికి అన్న మరిచిపోవాల్సిన మాట. అతను మరవలేదు. ఏ రోజన్నాడు, ఏ చొక్కా వేసుకుని అన్నాడు, అనేటప్పుడు తూకంలో ఏముంది, అన్నీ గుర్తే. మాటలు పేకముక్కల్లాంటివి. పడ్డవి మరిచిపోతేనే ఆట సాగుతుంది.

మా ఇంట్లో ఆట ఇలా మారింది.

"మొన్న మంగళవారం రాయవరం వెళ్ళానన్నారు" అంది సువర్చల అన్నం వడ్డిస్తూ.

"వెళ్ళాను."

"ఇందాక మాటల్లో మంగళవారం అనపర్తిలో టీ తాగానన్నారు."

"దారిలో తాగాను."

"రాయవరం దారిలో అనపర్తి రాదండీ."

"నా దారిలో వస్తుంది. సరే, నేనొకటి అడగనా? నిన్న నేను గుమ్మం దాటుతుంటే నువ్వు 'హమ్మయ్య' అన్నావు. ఎందుకు?"

"చెప్పు దొరికిందని."

"చెప్పు దొరికితే 'ఇదిగో' అంటారు. 'హమ్మయ్య' అంటే ఎవరో వెళ్ళారని."

ఇద్దరం ఒకరివైపు ఒకరు గుడ్లప్పగించి చూసుకున్నాం. అనుభవం కొద్దీ చెబుతున్నాను, కోడిగుడ్డుకు ఈకలు పీకడం ఒక్కసారి అలవాటైతే ఇక గుడ్డు కనిపించదు, ఈకలే కనిపిస్తాయి.

ఆ పైన కార్తీక మాసం వచ్చింది. ఒక రోజు పొద్దున్న పళ్ళెంలో పొరటు. నోట్లో పెట్టుకోగానే మిరియాల ఘాటు. మా ఆవిడ పొరటులో మిరియాలు వెయ్యదు. పెళ్ళయిన నాటినుంచీ వేసింది లేదు. తినేసి, గుర్తుపెట్టుకున్నాను. మర్నాడు మళ్ళీ మిరియాలు. ఆ తరవాత మెంతులు వేసిన గుడ్డు పులుసు. మా ఆవిడకి మెంతులంటేనే గిట్టదు. ఎవరి చెయ్యి ఇది?

వంటింట్లోకి వెళ్ళి చూశాను. సింకు పక్కన బోర్లించిన ఒక స్టీలు గిన్నె. మా గిన్నెలన్నిటి మీదా మా అత్తగారి పేరు చెక్కి ఉంటుంది. దీని మీద ఇంకేదో ఉంది. వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాను.

క. వీ. రా.

నా గుండెకాయ గుడ్డులా జారిపోయింది. కవీ, రా! ఎవడీ కవి? ఎక్కడికి రమ్మంటోంది? క అంటే కామేశం, కమలాకరం, కనకయ్య. మా ఆవిడ కేంద్రంలో కోళ్ళకి మందులిచ్చే కనకయ్యకు మీసాలు కూడా ఉన్నాయి. సాయంత్రం ఆవిడ రాగానే గిన్నె చూపించాను.

"ఇదెవరిది?"

ఆవిడ గిన్నె వంక చూడలేదు. నా మొహం వంక చూసింది. "ఎవరిదో. ప్రతి గిన్నెకీ మీకు జమాఖర్చు చెప్పాలా?" అంది.

మామూలు రోజుల్లో అయితే ఆవిడ పేరు చెప్పేసేది, నేను మరిచిపోయేవాణ్ణి. కానీ నేను అడిగిన తీరు ఆవిడకి గుర్తుండిపోయింది. ఆవిడ చెప్పని తీరు నాకు గుర్తుండిపోయింది. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు కాలేదు కదా.

ఆ తరవాత నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. సన్మాన సభల్లో పెద్దల కాలరుకి తగిలించే చిన్న మైకు ఒకటుంటుంది. తీగ అక్కర్లేదు. మార్గశిరం చివర్లో ఒక శనివారం పొద్దున్న దాన్ని పెరటి గోడ పక్కన కరివేపాకు మొక్కలో పెట్టి, షాపుకి వెళుతున్నానని చెప్పి, ముందు గదిలో సోఫా వెనక కూర్చుని ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకున్నాను. మైకు మా గోడకి ఇవతల ఉంది. అవతల మనిషి మాట గుసగుసలా వినిపించింది. మా ఆవిడ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

"ఆఁ, వెళ్ళారు. ఇప్పుడే... త్వరగా అందుకోండి, వేడిగా ఉంది... పోయినవారం బాగుందన్నారా? హమ్మయ్య... ఈయనకెందుకు చెప్పడం? అన్నిటికీ ఆరా తీస్తారు..."

మళ్ళీ హమ్మయ్య!

లేచి పెరట్లోకి పరిగెత్తాను. గోడ అవతల ఎవరూ లేరు. గోడ ఇవతల మా ఆవిడ ఉంది. ఆవిడ కళ్ళు నా మీద లేవు. కరివేపాకు మొక్కలో మిణుకు మిణుకుమంటున్న ఎర్ర దీపం మీద ఉన్నాయి. మైకు తీసి అరచేతిలో పెట్టుకుంది.

"నా మాటలు వినడానికి మైకు పెట్టారా?"

ఆవిడ అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అరవడం నా వృత్తి. ఆవిడ అరవలేదు.

"ఇన్నాళ్ళూ మీరన్న ప్రతి మాటా సరిపెట్టుకున్నానండీ. ఇది మీరు కాదు, నా గుడ్డేమో, దీనికి కారణం నేనేనేమో అనుకున్నాను. నిన్న ఫలితాలు వచ్చాయి. నీలం తిన్నవాళ్ళకీ ఎర్రది తిన్నవాళ్ళకీ దేంట్లోనూ తేడా లేదు. రక్తంలో లేదు, జ్ఞాపకంలో లేదు. రెండు గుంపులూ ఒకేలా ఉన్నాయి. అంటే నా గుడ్డు ఏమీ చెయ్యలేదు. పదేళ్ళు పోయాయి, పోనివ్వండి. కానీ గుడ్డు చెయ్యకపోతే, ఇది చేసిందెవరు? మీరే."

"సువర్చలా..."

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి. మొదటిరోజే రక్తం ఇవ్వకుండా పొరటు చేసుకుతిన్నారు. నా పరీక్షని వేళాకోళం చేశారు. ట్రేలు మీరేమైనా మార్చారా?"

ఆ ప్రశ్న నాకు మైకు కంటే గట్టిగా వినిపించింది. నేను ఆవిడని అనుమానిస్తున్నానని ఇన్నాళ్ళూ నాకు తెలుసు. ఆవిడ నన్ను అనుమానిస్తోందని అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆదివారం ఫలితాల సభ. సోమవారం నుంచి కేంద్రం గెస్టుహౌసులో ఉంటానని చెప్పి ఆవిడ బట్టలు సర్దుకుంది. పెట్టె గుమ్మం పక్కన పెట్టింది. ఆ పెట్టె చుట్టూ తిరుగుతూ నేను ఆలోచించాను. గుడ్డు తప్పయితే ఆవిడ బతుకంతా పెట్టిన పని చెడ్డదవుతుంది, నా కాపురం నిలుస్తుంది. గుడ్డు తప్పు కాకపోతే నేను చెడ్డవాణ్ణవుతాను, ఆవిడ వెళ్ళిపోతుంది. గుడ్డు చెడ్డదా, మొగుడు చెడ్డవాడా? ఎప్పుడైనా గుడ్డుని నీళ్ళలో వేసి చూడొచ్చు, మంచిదైతే మునుగుతుంది, చెడ్డదైతే తేలుతుంది. మొగుణ్ణి అలా తేల్చలేం. నాకేమో ఆ రోజు మునగాలనే ఉంది.

సభ కేంద్రంలోనే, దాణా గోడౌను ముందు షామియానా వేసి పెట్టారు. మైకుసెట్టు నాదే. ఇలాంటి రోజున ఇంకొకణ్ణి పిలుచుకోండని చెబుదామనుకున్నాను. కానీ ఆవిడ మాట్లాడే చివరి సభేమో, ఆవిడ గొంతు బొంగురుగా వినపడకూడదనిపించింది. కాలనీ అంతా వచ్చింది. కిరాణా అన్నదమ్ములు చెరో మూలా కూర్చున్నారు. పేకాటవాళ్ళు ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ముందు వరసలో డిపో బాబాయిగారూ, పిన్నిగారూ. వేదిక మీద నరహరి గారు, పక్కన సువర్చల. పెద్దలందరి చేతుల్లో మర్యాదకి తలా ఒక నిమ్మకాయ.

నరహరి గారు గొంతు సవరించుకున్నారు. "రోజూ గుడ్డు తిన్నందువల్ల మన కాలనీలో ఎవరి గుండెకీ, ఎవరి సుగరుకీ చెడు జరగలేదు. రెండు రంగులవాళ్ళకీ జ్ఞాపకశక్తి కాస్త పెరిగింది. ప్రతిసారీ అవే పరీక్షలు పెట్టాం కాబట్టి అలవాటై పెరిగిందంతే. డాక్టర్ సువర్చల గారి గుడ్డు కూడా మామూలు గుడ్డే. కాబట్టి ఆ కోళ్ళని వృథా చెయ్యకుండా, వాటి గుడ్లని సోమవారం నుంచి మన బాలికల హాస్టలుకి పంపిస్తున్నాం. రోజుకొక గుడ్డు, ఏడాది పొడవునా!"

చప్పట్లు కొట్టారు. సువర్చల కొట్టలేదు. ఆవిడ చేతిలో నిమ్మకాయ నలుగుతోంది.

చివర్లో వందన సమర్పణ నాది. మైకు పట్టుకుని రెండు మంచి మాటలు చెప్పి దిగిపోవాల్సినవాణ్ణి. కానీ నా వైర్ల సంచిలో ఆ గిన్నె ఉంది. ఎందుకు తెచ్చానో తెలియదు. తెలిసినా చెప్పను. సంచిలో చెయ్యి పెట్టాను, గిన్నె పైకొచ్చింది.

"సభకి నమస్కారం. ఒక్క చిన్న మనవి. మా ఇంట్లో ఈ గిన్నె దొరికింది. దీని మీద క. వీ. రా. అని ఉంది. ఆ మహానుభావుడు ఈ సభలో ఉంటే ఒక్కసారి లేచి నిలబడాలి!"

హారన్ స్పీకర్లు నాలుగు వైపులా నా మాటని మోసుకెళ్ళాయి. సువర్చల నా వంక చూడలేదు. కనకయ్య మీసం దువ్వుకున్నాడు. నేను అతన్ని గుడ్లురిమి చూశాను. అతను మీసం వదిలేశాడు.

ముందు వరసలో ఒక చేతికర్ర కదిలింది. డెబ్బై నాలుగేళ్ళ డిపో బాబాయిగారు మెల్లగా లేచారు.

"నేనేనయ్యా. కర్రి వీరరాఘవులు. ఏం, గిన్నెకి చిల్లు పడిందా?"

షామియానా అంతా నవ్వింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది గానీ, కింద సిమెంటు.

డిపో పిన్నిగారు కూర్చున్నచోటునుంచే అరిచారు. "ఏవయ్యా మంగరాజూ, ఆయన రిటైరైనప్పుడు డిపోవాళ్ళు ఇచ్చిన సెట్టులోదయ్యా అది! కార్తీక మాసంలో పొరటు చేసి పంపించాను. గిన్నె సరే, మూత ఏదీ?"

"పొరటా?" అంది సువర్చల. లేచి నిలబడింది. "పిన్నిగారూ, ఏ గుడ్లతో చేశారు?"

"అదేంటమ్మా, మీరిచ్చినవే! ఎర్ర చుక్కవి. కార్తీకంలో నెలంతా మేం గుడ్డు నోట పెట్టం కదా. పారేయకూడదన్నారు, నిలవ ఉంచకూడదన్నారు. అందుకని మీ ఇంటికే ఇచ్చాను, ఆయ్. మరి శనివారాలు మీరు ముట్టరని మీ నీలం గుడ్లు మాకిస్తున్నావుగా? నీ గిన్నె ఖాళీగా ఎలా తిరిగిస్తానమ్మా?"

సువర్చల మైకు కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను.

"శనివారం గుడ్డు ముట్టని ఇళ్ళు ఎన్ని?" అని అడిగింది. చేతులు లేచాయి. "సోమవారం ముట్టనివాళ్ళు? మార్గశిరంలో లక్ష్మివారాలు?" ఇంకా లేచాయి. "ఆ రోజు గుడ్డు ఏం చేశారు?"

అంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనకనుంచి కిరాణా అన్న మెల్లగా అన్నాడు, "గోడ మీద పెట్టామండి." తమ్ముడు అందుకున్నాడు, "మేం తీసుకున్నామండి. తరవాత మా గిన్నె వాళ్ళ గోడ మీద పెట్టాం." ఈ కొస నుంచి ఆ కొసదాకా మాటలు లేచాయి. పులుసు మా ఇంటినుంచి, వేపుడు మీ ఇంటినుంచి, మీ మూత ఇంకా మా దగ్గరే ఉంది. కాలనీలోని గోడలన్నీ సభలో నోరు విప్పినట్టుంది.

"కూర్చోండి సువర్చల గారూ, సభ అయిపోయింది" అన్నారు నరహరి గారు.

"అయిపోలేదండీ." ఆవిడ మైకు దించలేదు. "అందరూ వినండి. నీలం ఇళ్ళు ఎర్రవి తిన్నాయి. ఎర్ర ఇళ్ళు నీలానివి తిన్నాయి. గుడ్డు గిన్నెలోకి వెళ్ళేసరికి పెంకూ లేదు, చుక్కా లేదు. ఊరంతా రెండు రకాలూ తిన్నది. అందుకే రెండు గుంపులూ ఒకేలా కనిపించాయి. నా గుడ్డు ఏమీ చెయ్యలేదనడానికి వీల్లేదు. ఎవరూ ట్రేలు మార్చలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. పారేయకూడదు, నిలవ ఉంచకూడదు అని చెప్పింది నేను. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మనందరికీ అమ్మలు చెప్పారు. మూడూ పాటించాం. నేనూ పాటించాను. ప్రతి శనివారం నా చేత్తోనే నా పరీక్షని గోడ అవతలికి అందించాను. నాకు అది గుడ్డులా కనిపించలేదు. పిన్నిగారి గిన్నెలా కనిపించింది."

ఆవిడ మైకునీ నిమ్మకాయనీ చేతులు మార్చుకుంది.

"మనం సుగరు చూశాం, బీపీ చూశాం. పేకాట క్లబ్బు ఎందుకు మూతపడిందో చూడలేదు. ఈ అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోవడం లేదో చూడలేదు. ఈ గుడ్డు ఎవరికీ అనుమానం పుట్టించదనుకుంటాను. మరిచిపోనివ్వదు, అంతే. మరిచిపోకపోతే మనం ఒకరినొకరు ఏం చేసుకుంటామో మన కాలనీ చూసింది. ఒక గదిలో పది మంది పడుకునే పిల్లలకి, అది తేలకుండా, ఏడాది పొడవునా పెట్టడానికి నేను ఒప్పుకోను. హాస్టలుకి మామూలు ఫారం గుడ్లు పంపించండి. వాటి వల్ల మా అమ్మకీ నాకూ ఏమీ కాలేదు."

నరహరి గారు గుడ్లు తేలేశారు. తరవాత తన నిమ్మకాయ వాసన చూసుకుని, తల ఊపారు.

"ఇక మా ఇంటి సంగతి" అంది సువర్చల. మైకు ఉందన్న సంగతే మరిచినట్టుంది. ఆవిడ మరవడం నేను ఈ మధ్య చూడలేదు. "ఈయన కరివేపాకు మొక్కలో మైకు పెట్టారు. అది గుడ్డు చేయించిందో, ఆయనే చేశారో ఈ పరీక్షతో తేలదు. ట్రేలు మార్చారా అని నేను ఈయన్ని అనుమానించింది గుడ్డు వల్లో, నా వల్లో, అదీ తేలదు. మళ్ళీ మొదటినుంచీ పెట్టాలి. అప్పటిదాకా ఈయన్ని దగ్గరుండి గమనించాలి. గెస్టుహౌసులో ఉండి గమనించడం కుదరదు."

నాకు చెవులు సరిగ్గా వినపడవని ముందే చెప్పాను. అయినా ఆ మాట నాలుగు హారన్లలోనూ విడివిడిగా వినపడింది.

డిపో పిన్నిగారు వేదిక దగ్గరకి వచ్చి చెయ్యి చాపారు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మరి రేపు సోమవారం గుడ్డు ఏం చెయ్యమంటావమ్మా?"

"పారేయండి పిన్నిగారూ."

"హరి హరి! తినే వస్తువు పారేయమంటావా?"

"అయితే నాకే తెచ్చివ్వండి. పెంకుతో, చుక్కతో తెండి. వండకండి."

పిన్నిగారు సరేనని గిన్నె కోసం వేళ్ళు ఆడించారు. నేను ఇవ్వబోయి ఆగాను. గిన్నె ఖాళీగా ఉంది. పిన్నిగారు గిన్నె వంక చూశారు, నా వంక చూశారు. ఖాళీ గిన్నె తిరిగిచ్చినవాణ్ణి ఆవిడ ఈ జన్మలో మరవరు, ఆవిడ తిన్నది ఏ రంగు గుడ్డయినా సరే. సువర్చల తన చేతిలో నలిగిపోయిన నిమ్మకాయ తీసి గిన్నెలో వేసింది. పిన్నిగారు తృప్తిగా గిన్నె అందుకుని, "మూత మర్చిపోకయ్యా" అని నాతో చెప్పి వెళ్ళారు.

మేమిద్దరం వేదిక మీద మిగిలాం. ఎటు చూడాలో తెలియక నేను వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"ఏవండీ," అంది సువర్చల, "ఇందాక గిన్నె పట్టుకుని మైకులో ఏమన్నారు?"

అన్నది అన్నట్టుగా, అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. ఆవిడకీ గుర్తుంది. ఇద్దరం రెండు రంగులూ తిన్నవాళ్ళమే.

"ఏమన్నాను? గుర్తులేదే" అన్నాను.

"నాకూ గుర్తులేదు" అంది.

ఇద్దరమూ అబద్ధమాడుతున్నామని సభలో అందరికీ తెలిసింది. మైకు ఇంకా ఆపలేదు.